మేకుల బెజ్జాలు

చెల్లెమ్మా,

అక్క దీవించి రాసేది. నీ మోకాలు ఎలా ఉంది? మరిది గారి దగ్గు తగ్గిందా? పెద్దమ్మాయి నీళ్ళోసుకుందన్నావు, వాంతులు ఆగాయా? చంటిదాన్ని మెట్ల దగ్గర వదలొద్దు. రాస్తుంటేనే గుండె దడ.

ఇక్కడ ఈ ఏడు తుఫాన్లకి అంతూ పొంతూ లేదు. ఇన్ని మునుపెన్నడూ రాలేదట. పెట్టడానికి పేర్లు కూడా అయిపోయాయని రేడియోలో చెప్పారు. మరిది గారి పేరు పెట్టమను, కాసేపు గురకపెట్టి సద్దుమణుగుతుంది.

మీ బావ ఊళ్ళోవాళ్ళందరికీ పడవలు చేసిపెట్టి, చివరికి తనకోసం ఒకటి చేసుకుందామని మంచి చెక్క దాచుకున్నారు కదా. తుఫాను అనగానే ఆ చెక్కలే కిటికీలకి కొట్టడం, అది పోగానే ఊడబీకి మళ్ళీ దాచడం. గుట్ట మీద మీ ఇంటికి వచ్చెయ్యమని నువ్వు రాసినప్పుడల్లా, పడవ పూర్తవనీ అనేవారు. కిందటి తుఫానుకి కాళ్ళావేళ్ళా పడితే, "నీకంత భయమైతే నువ్వెళ్ళు" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో నన్నొక్కదాన్నే పొమ్మనడం అదే మొదలు. ఆ మాట ముల్లులా దిగింది. నీకు రాయలేదు. వెళ్ళనూ లేదు. ఆయన్ని సముద్రం పక్కన వదిలి ఏ మొహంతో పోతాను?

మొన్న మళ్ళీ చెక్కలు కొట్టుకుని, దీపం పెట్టుకుని కూర్చున్నాం. ఆ హోరులో పగలో రాత్రో తెలియలేదు. ఇల్లే నీళ్ళమీద తేలుతూ మమ్మల్ని మెల్లగా ఎక్కడికో తీసుకుపోతున్నట్టుంది. ఎప్పుడు కన్నంటుకుందో, లేచేసరికి దుప్పటి నిండా వెలుగు చుక్కలు. చుక్కలు రాలి ఇంట్లో పడ్డాయనుకున్నాను. పోయామేమో అని కూడా అనుకున్నాను, నా సంగతి తెలుసుగా. గాలి ఎప్పుడో ఆగిపోయింది, హోరు నా చెవుల్లోనే మిగిలింది. కొట్టి పీకి, కొట్టి పీకి చెక్కలన్నీ బెజ్జాలే. వాటిలోంచి ఎండ.

మీ బావ చెయ్యి చాపి ఆ చుక్కల్ని అరచేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు.

"ఈ చెక్క ఇంక నీళ్ళమీద నిలవదే" అన్నారు. చెయ్యి వెనక్కి తీసుకుని, "మీ చెల్లెలింట్లో వెనక గదిలో మంచముందా?" అన్నారు.

లేదన్నాను.

"మంచానికి బెజ్జాలున్నా పరవాలేదు. ఇద్దరికీ సరిపడా చేస్తాను."

ఇప్పుడు కిటికీల దగ్గర మేకులు పీకుతున్నారు. మీ వెనక గదిలో మంచం ఉన్న సంగతి నాకు గుర్తే. మేం వచ్చేలోగా దాన్ని ఎక్కడైనా దాచెయ్యి. బండివాడికి చెప్పాను. వానొచ్చినా వరదొచ్చినా, వచ్చే ఆదివారం, పదో తారీఖున.

నీ అక్క