మూడు వందల ఎనభై గ్రాములు

పెదకాకాని,
మార్చి 9, ఆదివారం.

చిరంజీవి జాస్మిన్‌ను దేవుడు చల్లగా చూడాలని వేడుకుంటూ అమ్మ రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ నాన్నా క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయాలి, కానీ ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. పోయిన ఆదివారం ఫోన్లో "బాగానే ఉన్నానమ్మా" అన్నావు. ఆ అనడంలోనే నీకు ఆయాసం వచ్చింది. మీ అకాడమీలో వారానికి పది నిమిషాలు ఫోన్, అదీ వార్డెన్ పక్కన నిలబడి, స్పీకర్ పెట్టి. నేను చెప్పాల్సింది స్పీకర్లో చెప్పేది కాదు. అందుకే ఇవాళ చర్చి నుంచి వచ్చి తలుపు వేసుకుని కూర్చున్నాను.

ముందు నీ ఉత్తరంలో నువ్వు అడిగినవాటికి జవాబులు చెబుతాను. శ్యామ్ సుందర్ మాస్టారి తైక్వాండో క్లాసు ఇప్పటికీ చర్చి వెనక సిమెంటు గచ్చు మీదే. ఇరవై రెండు మంది పిల్లలు, అందులో పదమూడు మంది ఆడపిల్లలే. నువ్వు చేరిన ఏడాది ఆడపిల్లవి నువ్వొక్కదానివే, గుర్తుందా? "ఆడపిల్లకి కాళ్లు లేపే చదువేందే రెబ్కా" అని కల్లంలో అందరి ముందూ నన్ను దులిపేసిన రాఘవమ్మ, మొన్న మనవరాలిని తీసుకొచ్చి చేర్పించింది. "మరి ఆ రోజు అన్న మాటో?" అని అడిగాను. "నేనన్నది మీ పిల్లని. మా పిల్లని కాదుగా" అంది. ఆ పిల్ల గోడకి కాలు ఆనించి సాగదీస్తూ ఏడుస్తుంటే, నువ్వు పళ్లు బిగబట్టుకుని నేల మీదికి జారే రోజులు కళ్ల ముందుకొచ్చాయి.

నువ్వు తన్నే మన ప్యాడ్ ఇంకా చూరుకి వేలాడుతూనే ఉంది. మిరపకాయల తొడిమలు తీసి వచ్చి, చేతులు సరిగ్గా కడుక్కోకుండానే నేను ప్యాడ్ పట్టుకునేదాన్ని. నువ్వు తన్నిన ప్రతిసారీ ఆ ఘాటు నీ పాదానికి అంటుకునేది. "అమ్మా, నువ్వు ప్రత్యర్థికన్నా డేంజర్" అని ఒంటికాలి మీద గెంతుతూ కుండ దగ్గరికి పరిగెత్తేదానివి. ఆ మాట తలుచుకుని ఇదివరకు నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

నాన్న పనిచేసే కోల్డ్ స్టోరేజీలో కాటా సరిగ్గా ఉందో లేదో చూడమన్నావు. నాన్న చూశాడు. ముద్ర వేసిన ఇనుప తూకపు రాళ్లు పెట్టి మూడుసార్లు చూశాడు. తేడా లేదు. అది తప్పిందని రాసి ఉంటే నీకు ఎంత బాగుండేదో నాకు తెలుసు.

పచ్చళ్లు పంపొద్దన్నావు, పంపలేదు. నాన్న పాత రెయిన్‌కోటు పంపమన్నావు. అది ఇక లేదు తల్లీ. నువ్వు చెమట పట్టడానికి దాన్ని తొడుక్కుని ఎండలో పరిగెత్తేదానివని గుర్తొచ్చి, బుధవారం కత్తెర తీసుకుని ముక్కలు ముక్కలు చేశాను.

ఎందుకు చేశానంటే, నగ్మా నాకు ఫోన్ చేసింది. తన పది నిమిషాల్లో నాలుగు నిమిషాలు నాకిచ్చింది ఆ పిల్ల. వార్డెన్ అటు తిరగ్గానే గబగబా చెప్పింది. రోజుకి రెండు ఇడ్లీల మీద ఉంటున్నావట. నాలుగు నెలలుగా బహిష్టు కాలేదట. తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టేనట. అంతకు ముందటి గురువారం ప్రాక్టీసులో కాలు ఎత్తినదానివి ఎత్తినట్టే పడిపోయావట. "ఆంటీ, నేను చెప్పానని అనొద్దు, కానీ నాకు భయంగా ఉంది" అంది. నువ్వు దాన్ని తిట్టకు. నీ పక్క మంచం మీద పడుకుని, రోజూ నిన్ను చూస్తూ నోరు మూసుకుని ఉండటం దానికి తేలిక కాదు.

ఇక నీ చివరి ప్రశ్న మిగిలింది. నువ్వు రాసిన మాటలే మళ్లీ రాస్తున్నాను. "అమ్మా, సెలెక్షన్ రోజు పొద్దున కాటా మీద సరిగ్గా నలభై ఆరు కిలోలు ఉన్నాను. సాయంత్రం నలభై ఆరు మూడొందల ఎనభై. మధ్యలో ఏమీ తినలేదు, తాగలేదు. నా ఒళ్లే నన్ను మోసం చేసింది. ఈసారి దాన్ని నమ్మను, నలభై నాలుగున్నరకి దించుతాను. నేను నిద్రలో లేచి ఏమన్నా తిన్నానా? నీకేమన్నా గుర్తుందా?"

నాకు గుర్తుంది. ఆరు నెలలుగా నాకు గుర్తున్నది అదొక్కటే.

ఆ సెప్టెంబరు రోజు ఎండ నువ్వూ మర్చిపోయి ఉండవు. అంతకుముందు రెండు రోజులుగా నీకు పచ్చి మంచినీళ్లు కూడా లేవు. నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించి ఊసేదానివి, ఊసినవి గ్లాసులో పట్టి, పోసుకున్నన్నీ బయటికొచ్చాయో లేదో చూసుకునేదానివి. పొద్దున్నే రెయిన్‌కోటు వేసుకుని కాలవ గట్టు మీద పరిగెత్తి, కోల్డ్ స్టోరేజీకి వెళ్లి కాటా ఎక్కి, నలభై ఆరు చూసి, నవ్వుకుంటూ ఇంటికొచ్చావు. సాయంత్రం నాలుగింటికి గుంటూరులో బరువు చూస్తారు, నలభై ఆరు దాటకూడదు, రెండింటికి లేపమ్మా అని చెప్పి పడుకున్నావు.

పన్నెండున్నరకి నిన్ను చూడ్డానికి లోపలికొచ్చాను. నీ పెదాలు ఎండుమిరప తొక్కల్లా పగిలి ఉన్నాయి. పిలిచాను, పలకలేదు. కుదిపాను, ఊఁ అని మళ్లీ అటు తిరిగావు. తడిగుడ్డ తెచ్చి పెదాలు తుడిచాను. నువ్వు నిద్రలోనే ఆ గుడ్డ కొసని నోట్లోకి లాక్కుని చప్పరించావు. నెలల పిల్లప్పుడు, నేను కల్లంలో పని చేసి వచ్చేసరికి నిద్రపోయి ఉండేదానివి. లేపకుండానే పాలు పట్టేదాన్ని, కళ్లు తెరవకుండానే తాగేదానివి. అచ్చం అలాగే చప్పరించావు. నీ తల ఒళ్లో పెట్టుకుని, ఒక స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చి చెంచాతో పోశాను. ఒక్క చుక్క బయటికి పోకుండా మింగావు. గ్లాసు అయిపోయింది. ఇంకో గ్లాసు తెచ్చాను. అదీ అయిపోయింది. రెండింటికి నిన్ను లేపాను. "బాగా నిద్ర పట్టిందమ్మా, ఒళ్లు తేలిగ్గా ఉంది" అన్నావు.

తర్వాత జరిగింది నీకు తెలుసు. తూకం యంత్రం మీద అంకె చూసి నువ్వు దిగి మళ్లీ ఎక్కావు. ఇంకో గంట టైమిచ్చారు. రెయిన్‌కోటు తొడుక్కుని ఆ స్టేడియం చుట్టూ పరిగెత్తావు, రెండుసార్లు మోకాళ్ల మీద పడ్డావు, ఏడిస్తే కూడా బరువు తగ్గుతుందేమో అన్నావు. అప్పటికీ రెండు వందల గ్రాములు మిగిలాయి. పేరు కొట్టేశారు. అంతమంది పిల్లల ముందు, వాళ్ల తల్లిదండ్రుల ముందు మాస్టారు, "నోరు కట్టుకోలేని దానివి మ్యాట్ మీద ఏం గెలుస్తావే" అన్నారు. నువ్వు తల వంచుకుని "సారీ మాస్టారూ" అన్నావు. నేను పక్కనే ఉన్నాను. నీ బ్యాగు నా భుజానే ఉంది. దాన్ని ఇంకో భుజానికి మార్చుకుని ఊరుకున్నాను.

బస్సులో చెబుదామనుకున్నాను. ఇంటికెళ్లాక చెబుదామనుకున్నాను. నువ్వు పదిహేను రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, ఇప్పుడు చెబితే నాతో ఎప్పటికీ మాట్లాడదేమో అని ఆగాను. నువ్వు అకాడమీకి వెళ్తానంటే, పోనీలే మర్చిపోతుంది అనుకుని పెట్టె సర్దాను. నువ్వు మర్చిపోలేదు. ఆ తప్పుని నీ ఒంటి మీద వేసుకుని మోస్తున్నావు.

ఇదంతా తెలియక చేశానని నిన్న ఒక ఉత్తరం రాశాను. కన్నతల్లి మనసు ఆగక పోసింది, అంత బరువు వస్తుందని దానికేం తెలుసు అన్నట్టు రాశాను. పోస్టు చేసే ముందు నాన్నకి చదివి వినిపించాను. ఆయనకి కూడా ఈ సంగతి అప్పుడే తెలిసింది. గోడకి చేరగిలబడి మొత్తం విన్నాడు.

"తెలియక అని రాశావేందే?" అన్నాడు చివరికి. "నీళ్ల బరువు నీకు తెలీదా?"

"ఆ టైంలో తోచలేదయ్యా" అన్నాను.

"రాస్తే మొత్తం రాయి రెబ్కా. లేకపోతే మానెయ్. పిల్ల అక్కడ చస్తా ఉంటే ఇక్కడ మంచిదానివి అనిపించుకోవాలని చూడమాక."

ఆ ఉత్తరం చించేశాను. మొత్తం రాస్తున్నాను.

నాకు తెలుసు. నేను ఇరవై ఏళ్లుగా మిరపకాయల్లో బతుకుతున్నదాన్ని. కాటాకి ముందు కాయల మీద నీళ్లు చల్లితే ఎంత ఎక్కువ తూగుతాయో నాకు తెలుసు. చెమ్మ పట్టిన మిరప టిక్కీ బస్తాని బయటినుంచి వేలితో నొక్కి చెప్పగలను, ఇది ఎక్కువ తూగుతుంది అని. మొదటి గ్లాసు పట్టేటప్పుడు నాకు ఇవేమీ గుర్తు రాలేదు, దేవుడి తోడు. అప్పుడు నీ పెదాలు తప్ప ఇంకేమీ కనపడలేదు. కానీ రెండో గ్లాసు ముంచడానికి కుండ మీద మూత తీసినప్పుడు గుర్తొచ్చింది. మూత పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ఇది తాగితే పిల్ల తూకంలో తప్పుతుంది అనుకున్నాను. తప్పితే ఈ పరుగులూ ఈ ఉమ్ములూ అన్నీ ఆగిపోతాయి, మళ్లీ అన్నం తింటుంది అనుకున్నాను. అనుకునే ముంచాను.

నిన్ను గెలవనివ్వకూడదని నేను అనుకోలేదు. నువ్వు ఓడిపోతే బతుకుతావని అనుకున్నాను. నీ నాలుగేళ్ల కష్టం మీద నిన్ను అడక్కుండా నీళ్లు పోశాను. నేను ఏది ఆపాలనుకున్నానో అదే నా చేతులతో పదింతలు చేశాను. ఇప్పుడు నీ దువ్వెనలో జుట్టు, ఆగిపోయిన నెలలు, నువ్వు పడిపోయిన గురువారం, ఇవన్నీ నేను పోసిన ఆ రెండో గ్లాసు నుంచి వచ్చినవే. నాకు అన్నం సహించడం లేదని రాస్తే నీ మీద ఇంకో భారం వేసినట్టవుతుంది. కాబట్టి తింటున్నాను. ఏడుస్తూ తింటున్నాను.

నీ ఒళ్లు నిన్ను మోసం చేయలేదు జాస్మిన్. అది నువ్వు చెప్పిన మాట గ్రాము తేడా లేకుండా విన్నది. సరిగ్గా నలభై ఆరుకి వచ్చి నిలబడింది. ఆ మూడు వందల ఎనభై గ్రాములు నీవి కావు. నావి. వాటికోసం నీ ఒంటిని ఇంకా శిక్షించకు తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటాను.

ఈ నెల ఇరవై రెండున ట్రయల్స్ అన్నావు. నలభై తొమ్మిది కిలోల విభాగం కూడా ఉందటగా, నగ్మా చెప్పింది. అందులో ఆడతావో, ఈసారికి ఆగుతావో, అసలు మానేస్తావో, అది నీ ఇష్టం, ఇక నేను వేలు పెట్టను. ఈ ఉత్తరం మీ కోచ్‌కి చూపించు, డాక్టరుకి చూపించు. రేపు సాయంత్రం నేను మాస్టారి క్లాసుకి వెళ్తున్నాను. ఆయన నిన్ను అందరి ముందూ అన్నారు కాబట్టి, నేనూ పిల్లలందరి ముందే చెబుతాను ఆ నీళ్లు ఎవరు పట్టారో. రాఘవమ్మ కూడా అక్కడే ఉంటుంది. ఉండనీ.

శుక్రవారం రాత్రి రైలెక్కుతాను. శనివారం పొద్దున తొమ్మిదింటికి మీ గేటు దగ్గర ఉంటాను. చింతపండు పులిహోర తెస్తాను, నీకిష్టమని వేరుశనగ గుళ్లు ఎక్కువ వేసి. ఒక సీసాలో మన కుండ నీళ్లు కూడా తెస్తాను. ఈసారి నువ్వు మెలకువగా ఉండగా నీ చేతికిస్తాను. తాగేదీ, నా మొహాన కొట్టేదీ నువ్వే నిర్ణయించుకో.

నా మొహం చూడాలని లేకపోతే బయటికి రావద్దు. నగ్మాని పంపు, పులిహోర డబ్బా దానికిచ్చి గేటు బయటే కూర్చుంటాను. నిండుగా తిరిగొస్తే మూత పెట్టుకుని మళ్లీ కూర్చుంటాను, రైలు పోయినా సరే. ఖాళీగా తిరిగొస్తే నువ్వు నన్ను క్షమించావని అనుకోను. తిన్నావని అనుకుంటాను. నాకు అది చాలు.

ఇట్లు,
మీ అమ్మ
రెబ్కా