ఈశాన్యం ఖాళీగానే ఉంది, అన్నా

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నారాయణగూడలో నువ్వు డ్రాయింగు గీసిన పిల్లల ఆసుపత్రి కొత్త బ్లాకును పోయిన నెల తెరిచారు. నువ్వు గీసినట్టు మాత్రం కట్టలేదు.

పసిపిల్లల వార్డుకు బయటి గాలి లాగే మిషన్‌ని నువ్వు మిద్దె మీద ఈశాన్య మూలన పెట్టావు. అగరబత్తి వెలిగించి, పొగ ఎటు పోతుందో చూసి మరీ పెట్టావు. నువ్వు పోయాక ఆసుపత్రి ఛైర్మన్ గారు మాత్రం చిక్కడపల్లి నుంచి వాస్తు పండితుణ్ణి కార్లో తెచ్చుకున్నారు.

"ఈశాన్యంల గింత బరువా? ఆగ్నేయానికి జరుపుండ్రి" అన్నాడా పండితుడు.

ఆగ్నేయంలో జనరేటర్ పొగగొట్టం ఉందని, నీ బదులు పని చూసుకుంటున్న నేను మొత్తుకున్నాను.

"ఏం కాదమ్మా, పొగ పైకే పోతది కదా" అన్నారు ఛైర్మన్ గారు. అంత చదువు నాకు లేదని ఒప్పుకోవాల్సిందే.

రిబ్బన్ కత్తిరించిన రోజే కరెంటు పోయింది. జనరేటర్ మోగింది, వార్డంతా డీజిల్ వాసన. ఆయన ముక్కుకు శాలువా అడ్డం పెట్టుకుని, "ఎవడో బండి స్టార్ట్ చేసిండు" అన్నారు. మూడో అంతస్తులో బండి!

నీ ఫోటో పెడదామంటే, పోయినవాళ్లది దక్షిణం గోడకే ఉండాలన్నారు. అదొక్కటీ నేను కాదనలేదు. వార్డు బయట వరండాలో తగిలించాను.

ఇవాళ దండ వేద్దామని వెళ్లి నీ ఫోటో అద్దం తుడిచాను. తెల్ల రుమాలు నల్లబడింది.

గోడకు అవతల పిల్లలు నిద్రపోతున్నారు, అన్నా.