రాతిలో లేని మడత

ముప్పైనాలుగేళ్లు కొండల మీద, ఆ తర్వాత ఆరేళ్లు ఆన్‌లైన్‌లో, రాతిపొరలు ఎక్కడ వంగాయో ఎక్కడ విరిగాయో చదివే స్ట్రక్చరల్ జియాలజీ బోధించిన నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాయించిన వీలునామా ఇది. గుండె బాగాలేదు, బుర్ర బాగానే ఉంది. అనుమానమున్నవాళ్లు జతచేసిన డాక్టరు సర్టిఫికెట్ చూసుకోవచ్చు.

1. ఇల్లు, బ్యాంకులో ఉన్నది యావత్తూ నా భార్యకు సర్వహక్కులతో చెందాలి. వంటింటి తలుపు కొట్టుకోకుండా ఆమె అడ్డం పెట్టే మడతరాయి కూడా ఆమెదే. మ్యూజియంలో ఉండాల్సిన రాయి అని ఇరవై ఏళ్లు పోట్లాడాను. తలుపు దగ్గరే ఉండనివ్వండి.

2. నా కొండ బూట్లు, ఇప్పుడు నా కుర్చీలో కూర్చున్న శిష్యుడికి. ఏసీ గదిలోంచి కొండల జాతకం చెప్పే మహానుభావుడతను. బూట్లు అతనికి బిగుతవుతాయి. తెలిసే ఇస్తున్నాను.

3. ఇక అసలు విషయం. పందొమ్మిదేళ్ల కిందట ఫీల్డు పరీక్షలో ఒక కొండవాలు మీద పొరల దిక్కు కొలిచాను. పొద్దున రాళ్లు కొట్టే సుత్తి సంచిలో ఉంది, మధ్యాహ్నం నా నడుముకు వేలాడుతోంది. ఇనుము పక్కనుంటే దిక్సూచి ముల్లు దారి తప్పుతుందని మొదటి క్లాసులోనే చెప్పేవాణ్ణి నేనే! రెండు పూటల కొలతలకూ తేడా వచ్చేసరికి, పొరలు మడతపడ్డాయని పటం గీశాను. నా చెల్లెలి కూతురు కూడా ఆ క్లాసులోదే. ఎప్పుడూ సార్ అనే పిల్ల ఆ రోజు నోరుజారి, "మావయ్యా, సుత్తి తీసి ఒక్కసారి కొలవండి" అంది. ముప్పైమంది ముందు. "నాకే నేర్పొచ్చావా?" అన్నాను. ఆమె పటంలో మడత లేదు. ఫెయిల్ చేశాను.

మరుసటి వారం జీపు డ్రైవరుని వెంటబెట్టుకుని వెళ్లి, సుత్తి అతని చేతికిచ్చి దూరంగా నిలబెట్టి, మళ్లీ కొలిచాను. మడతా లేదు, గిడతా లేదు. నోరు మూసుకున్నాను. లేని ఆ మడతతోనే పేరు తెచ్చుకున్నాను, ఆన్‌లైన్‌లో పదకొండో పాఠంగా చెప్పాను. నిరుడు దిద్దుదామంటే శిష్యుడు, "ఇప్పుడెందుకు సార్, ఎవరూ కనిపెట్టలేదుగా" అన్నాడు. సిగ్గులేకుండా సరేనన్నాను. మేనకోడలు చదువు మానేసింది. టైల్స్ షాపులో గ్రానైటు పలకల రేట్లు చెబుతోంది. మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

4. నా దిక్సూచి, ఆన్‌లైన్ పాఠాలన్నీ, వాటి పాస్‌వర్డుతో సహా ఆ మేనకోడలికే. అప్పగించేముందు నా వకీలు పదకొండో పాఠం తీసేయించి, దాని స్థానంలో పై మూడో క్లాజు చదివించి పెట్టాలి. మిగతావి ఉంచుతుందో తుడిచేస్తుందో ఆమె ఇష్టం. ఎందుకని అడిగే హక్కు ఎవరికీ లేదు.

5. సుత్తి పాత ఇనుము కొనేవాడికి వేసేయండి.

క్షమించమని అడగను, అడిగే మొహం లేదు.

తేది: 14-11-2023
సంతకం: రిటైర్డ్ ప్రొఫెసర్

సాక్షులు:
1. కుటుంబ డాక్టరు
2. ఫీల్డు జీపు డ్రైవరు (స్వదస్తూరీతో): ఆ రోజు సుత్తి పట్టుకుని దూరంగా నిలబడింది నేనే. అమ్మాయిగారి కొలతే కరెక్టని సార్ అప్పుడే అన్నారు.