వసంతమ్మ అడిగిన పుంజు

మొయినాబాద్,
శుక్రవారం

బాపుకు, అవ్వకు విజయరాణి వందనాలు. ఫోన్‌ల నీకు మాట సక్కగ ఇనరాదని కార్డు రాస్తున్న.

నాటుకోళ్లు, గుడ్లు బాగనే పోతున్నయి, ఫికర్ చెయ్యకు. గండిపేట దిక్కు ఫ్లాట్లోళ్లు కార్లు ఆపి కొంటున్నరు. చర్చి సంఘపెద్ద బిడ్డవు, దేవతలకు కోసేటోళ్లకు కోడినియ్యకు అన్నవు. బోనాలప్పుడు గూడ నీ మాట తప్పలే.

మొన్న పక్కింటి వసంతమ్మక్క వచ్చి మా ఎర్రపుంజు దిక్కు చెయ్యి చూపించింది. "దీన్ని ఎవ్వలకు అమ్మకు చెల్లె. బండి మీదికెల్లి పడ్డ మా కొడుకు కుమార్ దవాఖానల నుంచి లేసొస్తే పోచమ్మకు ఇస్తనని మొక్కిన" అన్నది. "మా బాపు ఒప్పుకోడక్కా" అన్న. ఆమె ఎనక్కి మళ్లి పోయింది.

రాత్రి పండుకున్నంక నాకు యాదికొచ్చింది. నిరుడు మా బిడ్డ జెన్నీకి డెంగీ వచ్చినప్పుడు ఆమె మా చర్చి మెట్ల మీద కొంగు చాపి కూసున్నది. ఎవల దేవుడని అడగలే. తెల్లారి పుంజును నేనే తీస్కపోయి వాళ్ల పందిరి గుంజకు కట్టిన. ఎవలో చెప్పకముందే నేనే చెప్తున్న. కోపమొస్తే నన్ను తిట్టు, ఆమెను ఏమనకు.

జయరాజన్న ఇటు వచ్చేటప్పుడు జర నూకలు, అవ్వ పాత కోళ్లగంప పంపు. అవ్వ మోకాళ్లు ఎట్లున్నయి? గోలీలు ఏసుకుంటున్నదా? అందరికీ మా వందనాలు చెప్పు.

కుమార్ ఇంక కండ్లు తెరవలే బాపు. ఆదివారం ప్రార్థనల ఎప్పుడు నా యాపారం గురించే దేవుణ్ణి అడుగుతవు. ఈ వారం నా కోళ్లను ఇడిసిపెట్టి, ఆ పిలగాని పేరు ఎత్తు.

నీ బిడ్డ,
విజయరాణి