ఇస్త్రీ పుస్తకం అమ్మకు, కిడ్నీ అత్తయ్యకు

“గూఢచారి నవలలు చదివి చదివి దీనికి మతి చెడింది” అని మా నాన్న. “ఎవడితోనో తిరుగుతోంది” అని మా అన్న. “సినిమాల పిచ్చి, పెళ్లయితే అదే పోతుంది” అని మా పెద్దమ్మ. నా గురించి మా ఇంట్లో చెలామణీలో ఉన్న అభిప్రాయాలు ఇవి. అన్నీ తప్పే. అందువల్ల, ఇలాంటి కాగితంలో ఒక్క వాక్యంతో తేలిపోవలసిన మతిస్థిరత సంగతిని నేను కాస్త సాగదీసి రాయవలసి వస్తున్నది.

పై ముగ్గురికీ వరుసగా కూతురిని, చెల్లెలిని, చెల్లెలి కూతురిని అయిన నేను, డిగ్రీ పూర్తిచేసి అనువాదాల ఆఫీసులో పనిచేస్తూ, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. నా మతి స్థిరంగా ఉన్నదనడానికి నా మాటొక్కటే కాదు, సాక్ష్యమూ ఉన్నది. అవయవం ఇచ్చేవాళ్లను ఆసుపత్రివాళ్లు ముందుగా మానసిక వైద్యురాలి ఎదుట కూర్చోబెడతారు. ఆవిడ నన్ను అటు తిప్పి ఇటు తిప్పి అడిగి, “మతి బాగానే ఉందమ్మా, నోరే కాస్త ఎక్కువ” అని తేల్చారు. మొదటి సగాన్ని కాగితం మీద పెట్టి ముద్ర కూడా వేశారు.

వచ్చే గురువారం నా ఎడమ కిడ్నీ తీసి మా మేనత్తకు అమరుస్తారు. డాక్టర్లు ధైర్యమే చెప్పారు. అయినా మత్తుమందు మత్తుమందే. నేను లేవకపోతే ఏది ఎవరికి చెందవలెనో కింద రాస్తున్నాను. లేస్తే ఈ కాగితం నేనే చింపేస్తాను.

1. నా గూఢచారి నవలలన్నీ, కింద విడిగా చెప్పినది తప్ప, మా అత్తయ్యకు చెందవలెను. వాటిలో సగం ఆవిడ అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చి తిరిగి ఇవ్వనివే కనుక ఇది దానం కాదు. మొగుడి ఇల్లు వదిలి వచ్చి ఆవిడ సినిమా హాలు పక్కన ఆ షాపు తెరిచిన రోజున మా నాన్న “నాకు చెల్లెలు లేదు” అన్నారు. నవలల్లో ఏజెంటు దొరికిపోతే పై ఆఫీసు సరిగ్గా ఈ మాటే అంటుంది. మా మనిషి కాదు, మాకు తెలియదు. నేను ట్యూషన్ పేరు చెప్పి ఆ షాపు వెనక స్టూలు మీద కూర్చుని పెరిగాను.

2. నవలలను బట్టి తీసిన సినిమాల డిస్కులు ఆ పక్క సినిమా హాలు ఆపరేటర్ బాబాయికి. షరతు: పుస్తకం చదవకుండా ఏ సినిమా చూడరాదు. “పుస్తకంలో ఏముంటుందే, కూర్చుని ఆలోచిస్తుంటారు, అంతేగా” అని ఆయన వాదన. అవును బాబాయ్, అంతే. అసలు పని అదే. నవలలో గూఢచారి తడిసిన బూట్లతో ఓ చలిగదిలో ఫోను కోసం కాచుకుంటాడు. ఫోను మోగదు. మోగకపోవడమే వార్త. సినిమాలో అదే ఫోను మోగుతుంది, ఎత్తితే బాంబు. మోగని ఫోనంటే డైరెక్టర్లకు హడల్, జనం లేచిపోతారని.

అయినా ఉన్నమాట చెప్పుకోవాలి. ఒక సినిమాలో, స్నేహితుణ్ణి పట్టివ్వడానికి బయల్దేరే ముసలి అధికారి గడ్డం గీసుకుంటాడు. పుస్తకంలో అది ఒక్క వాక్యం, నేను గబగబా దాటేసినది. సినిమాలో పాట లేదు, మాట లేదు, రేజరు చప్పుడే. అద్దంలో తన కళ్లలోకి మాత్రం చూసుకోడు. ఇంటికొచ్చి ఆ వాక్యం వెతుక్కుని మళ్లీ చదివాను. ఏ సినిమా అయినా పుస్తకానికి ఇంతకు మించిన ఉపకారం చేయలేదు.

3. నా బైనాక్యులర్స్ మా అన్నకు. వాడికి అవసరం. నన్ను వెంబడించమని నాన్న పురమాయిస్తే వాడు సంబరంగా బయల్దేరాడు. పుస్తకం ముట్టడు, సినిమాలే చూస్తాడు. సినిమాలో వెంబడించేవాడు షాపు అద్దంలో నీడ చూస్తూ నిలబడతాడు కదా, వీడూ నిలబడ్డాడు. ఏ షాపో చూసుకోలేదు. ఆడవాళ్ల లోదుస్తుల షాపు. రోడ్డుకు ఇవతల రక్తపరీక్షల ల్యాబు మెట్ల మీద నుంచి నేను చూస్తూనే ఉన్నాను. ఆ లోదుస్తుల షాపు అమ్మాయి అత్తయ్య దగ్గర పుస్తకాలు అద్దెకు తీసుకుంటుంది కాబట్టి మిగతాది తర్వాత తెలిసింది. ఆ అమ్మాయి బయటికొచ్చి “ఎవరికండీ, సైజు తెలుసా?” అంటే వీడు బిక్కచచ్చి “చెల్లి... చెల్లికండీ” అన్నాడట. “రండి, లోపల కొత్త రకాలున్నాయి” అని వదల్లేదట. ఈ హడావిడిలో వాడికి కనిపించిందల్లా నాకు తలుపు తీసిన తెల్లకోటు. అది రక్తం తీసే టెక్నీషియన్‌ది. ఆ ఒక్క కోటు మీద మా ఇంట్లో పంచాయితీ నడిచి, నాకు సంబంధాలు చూడటం మొదలైంది.

4. ఇస్త్రీ పుస్తకం మా అమ్మకు. దాని అసలు పేరు వేరు, నేనూ అత్తయ్యా అలా పిలుచుకుంటాం. అందులో మంత్రుల బట్టలు ఇస్త్రీ చేసే నడివయసు మనిషి, కాలరు మీది చెమటా మోచేతి నలుగుడూ చూసి ఎవరు ఎవర్ని కలిశారో చెప్పేస్తుంది. సినిమాలో ఆవిడ వయసు సగానికి కోసి, చేతికి పిస్తోలిచ్చి మేడల మీద పరిగెత్తించారు. ఇస్త్రీపెట్టె ఒక్క షాటులోనూ కనిపించదు. అమ్మ ఆ పుస్తకం చదవలేదు గానీ అందులో మనిషే. నా చొక్కా చేతిమడతలో దూది అంటిన ప్లాస్టరు ముక్క ఉతికేముందు ఆవిడకే దొరికింది. అన్నీ తెలిసి కూడా పంచాయితీలో నోరు విప్పలేదు. అందుకు నాకు కోపం. మర్నాటి నుంచి ఏమీ అడగకుండా నా మంచం పక్కన గ్లాసుడు పాలు పెట్టడం మొదలుపెట్టింది. అందువల్ల సగం కోపం. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత అమ్మదే. మా ఇంట్లో కడుపులో మాట దాచగలిగిన మనిషి మరొకరు లేరు.

5. పెద్దమ్మకు నా పొడుగు రెయిన్‌కోటు. “మగరాయుడిలా అదేం వేషమే” అంటూనే ఆవిడ దాన్ని రెండుసార్లు అద్దం ముందు తొడుక్కుని చూసుకుంది. నేను చూశాను.

6. మా నాన్నకు ఒక సినిమా డిస్కు, నా బల్ల సొరుగులో విడిగా పెట్టాను. చదవమంటే చదవరు కనుక చూడమంటున్నాను. పుస్తకంలో అధికారి తన ఏజెంటును సరిహద్దు దగ్గర వదిలేసి, రైలెక్కి, ఇంటికెళ్లి భోజనం చేస్తాడు. సినిమాలో కదిలే రైలు దిగి వెనక్కి నడుస్తాడు. ఇలాంటి మార్పులంటే నాకు ఒళ్లుమంట. కానీ దీని దగ్గర మాత్రం నేను సినిమా పక్షం. అత్తయ్య డయాలసిస్ మంచం మీద పడుకుని కూడా ఒప్పుకోదు. “ఆఫీసు ఎవరికోసమూ వెనక్కి రాదే పిచ్చిమొహమా, పుస్తకమే నిజం” అంటుంది. రచయిత జరిగేది రాశాడు, డైరెక్టర్ జరగాల్సింది తీశాడు అని నేనంటాను.

ఎందుకు ఇస్తున్నారని ఆసుపత్రి కమిటీ అడిగినప్పుడు ఇదంతా చెప్పలేదు. “మా అత్తయ్య కాబట్టి” అన్నాను. వాళ్లకు అది చాలింది. మొన్న ఇంట్లో సంగతి చెప్పి అదే మాటంటే నాన్నకు చాలలేదు.

7. ఆపరేషన్‌లో నాకేమైనా అయితే, మా అత్తయ్యను ఎదురుగా గానీ చాటుగా గానీ “పిల్లను పొట్టన పెట్టుకుంది” అని ఎవరూ అనరాదు. అన్నవారికి ఈ వీలునామా ద్వారా ఏమీ చెందదు. ఆవిడ నన్ను అడగలేదు. మొదట చెప్పినప్పుడు నా మీదికి పుస్తకం విసిరింది. అట్ట ఊడింది.

8. “ఆ ఆసుపత్రి గడప తొక్కితే మళ్లీ ఈ గడప తొక్కకు” అని నాన్న అన్నారు. ఈ గడప తొక్కను. బుధవారం ఆసుపత్రిలో చేరుతున్నాను. గురువారం కిడ్నీ ఇస్తున్నాను. లేచాక అత్తయ్య షాపు మీది గదిలో ఉంటాను.

తేదీ: ఆసుపత్రిలో చేరే ముందటి ఆదివారం.

పై సంగతులన్నీ నావేనని చదువుకుని చేసిన సంతకం: అత్తయ్య మేనకోడలు.

నా కళ్లెదుట సంతకం చేసిన సాక్షులు:
సినిమా హాలు ఆపరేటర్ (షరతుకు ఒప్పుకోలేదు, సంతకం మాత్రం పెట్టారు)
లోదుస్తుల షాపు అమ్మాయి