తపేలా లోపలి పేరు

రోహిణికి,

నరసరావుపేట నుంచి మీ ఆయన రాస్తున్నది. ఇక్కడ నేను, అమ్మ, కొట్టు ముగ్గురం బాగానే ఉన్నాం. బరోడాలో నువ్వు వేళకి తింటున్నావని, ఆ చలికి మోకాళ్ళు ఇబ్బంది పెట్టడం లేదని అనుకుంటున్నా.

ముందుగా ఒక మాట. నేను పంపిన మూడు చెక్కపెట్టెలు ఎల్లుండికి నీకు చేరతాయి. ఈ ఉత్తరం ఆఖరిదాకా చదివాకే వాటిని విప్పు. పగిలిందేమీ లేదు, స్టీలు పగలదు. కానీ ఒక తప్పు జరిగింది, చేసింది నేనే. పద్నాలుగో తారీఖున అక్కడ నీ ఎగ్జిబిషన్ పెట్టుకుని ఇలాంటి మాట రాయాల్సి వస్తుందని అనుకోలేదు. ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు నొక్కి ఆపేశాను. ఫోన్లో మనం గ్యాసు బండ, షుగరు బిళ్ళ తప్ప ఇంకేం మాట్లాడుకోవడం లేదు, ఏదన్నా ఉంటే కూర్చుని రాయండి అని పోయిన ఉత్తరంలో అన్నావుగా. అందుకే మధ్యాహ్నం బేరాలు లేని టైములో గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఫోన్లోనే టైపు చేస్తున్నా. తప్పులుంటే సర్దుకుని చదువు.

నువ్వడిగినవాటికి వరసగా చెప్తా, లేకపోతే మర్చిపోతా. షుగరు బిళ్ళలు వేసుకుంటున్నా. అమ్మ కాలినొప్పి తగ్గింది, సాయంత్రం ఎదురు టైలర్ కొట్టు మెహ్జబీన్ దగ్గర కూర్చుని కాజాలు కుడుతోంది. హర్ష హాస్టల్ నుంచి ఆదివారం వచ్చి, నేను చేసిన పప్పు తిని, మళ్ళీ ఆదివారం రానన్నాడు.

గిన్నెల మీద మిషన్‌తో పేర్లు ఎవరు కొడుతున్నారని అడిగావు. నేనే కొడుతున్నా. మాఘమాసం పెళ్ళిళ్ళు, రోజుకి రెండొందల పేర్లు పడుతున్నాయి. ఇరవై ఏళ్ళు నువ్వు పక్కన కూర్చుని టకటకా కొడుతుంటే అది పెద్ద పని అనుకోలేదు. చుక్క పక్కన చుక్క పెట్టి అక్షరం తిప్పాలంటే మెడ పట్టేస్తోంది. గురజాల నుంచి గృహప్రవేశానికి గ్లాసులు కొన్న పెద్దమనిషి ఒకాయన నా అక్షరాలు చూసి, "ఏందిది బావా, బెల్లానికి చీమలు పట్టినట్టున్నయ్, మా చెల్లెమ్మని ఎప్పుడు పిలిపిస్తన్నావ్?" అన్నాడు. నువ్వు బరోడా వెళ్ళిన ఈ నాలుగు నెలల్లో నా చేతికి చక్కగా కుదిరిన పేరు ఒక్కటే. అదేం పేరో తర్వాత చెప్తా.

ఇక నువ్వు అడిగిన పెద్ద ప్రశ్న. ఇన్నేళ్ళలో నా పని మీకు నచ్చిందో లేదో ఒక్కసారి కూడా చెప్పలేదు, ఇప్పుడైనా చెప్పండి అన్నావు. వ్యాపారం చేసేవాణ్ణి, నాకు వస్తువు తెలుస్తుంది గానీ ఇలాంటివి ఎలా చూడాలో తెలియదు. తెలిసినంతలో చెప్తా.

నాన్నకి చెయ్యి వణుకు మొదలయ్యాక ఆ మిషన్ నీ చేతికొచ్చింది. నువ్వు కొత్తకోడలివి. సొట్టపడి అమ్ముడుపోని మూతలు నువ్వు పక్కన పెట్టుకునేదానివి, ఖాళీగా ఉన్నప్పుడు వాటి మీద చుక్కలతో బొమ్మలు వేసేదానివి. కూరలో ఉప్పు చూస్తున్న చెయ్యి, బియ్యం చెరిగే చేట, గడప దగ్గర విడిచిన రెండు చెప్పులు. వాటిని పాత స్టీలులో కలిపేయమని నేను రెండుసార్లు చెప్పా. నువ్వు వాటిని గోనెసంచిలో దాచావు. కాలేజీలో డ్రాయింగ్ చెప్పే రేవతి గారు గ్లాసుల మీద పేరు కొట్టించుకోవడానికి వచ్చి ఆ సంచి చూడకపోయి ఉంటే, ఈపాటికి ఆ మూతలు కరిగి చెంచాలయ్యేవి. ఆమె చూసిన చూపు నాకెందుకు రాలేదా అని ఈమధ్యే అనుకుంటున్నా.

తర్వాత నువ్వు గురజాల వెళ్ళి, మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళ అరచేతులు పెద్ద పళ్ళేల మీద పెట్టించి గీతలతో సహా దింపుకొచ్చావు. మంట అని పేరు పెట్టావు. గుంటూరులో వాటిని గోడకి తగిలిస్తే నేను ధర ఎంత చెప్పాలా అని ఆలోచిస్తున్నా. నా పక్కన ఒకావిడ తన చేతిని ఆ పళ్ళెంలోని చేతికి ఆనించి చాలాసేపు నిలబడింది. ఆ తర్వాత విజయవాడలో అడుగంటిన గిన్నెలు పెట్టావు. అందరూ తిన్నాక మిగిలింది గీరుకుని తినే ఆడమనిషి గరిట గీతలన్నీ గిన్నె అడుగున చెక్కావు. అది చూసి ఇంటికొచ్చిన రోజు, నువ్వు తిన్నావో లేదో అడగకుండానే నేను తినేసి పడుకున్నా. పొద్దున గుర్తొచ్చింది. ఇప్పుడు ఒప్పుకుంటున్నా.

గుంటూరు ఎగ్జిబిషన్ గురించి పేపర్లో వచ్చిన ముక్క లామినేషన్ చేయించి కొట్లో తగిలించాను, గుర్తుందా? స్టీలు వ్యాపారి సతీమణి ప్రతిభ అని ఉంటుంది. ఎంత వెతికినా రోహిణి అనే మాట అందులో లేదు, నా పేరు మాత్రం ఇంటిపేరుతో సహా ఉంది. వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చూపించా. నువ్వు రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఎండకి తలనొప్పేమో అనుకున్నా. మొన్న బుధవారం దాన్ని గోడ మీద నుంచి తీసేశాను. ఎందుకు తీశానో చెప్పాలంటే తపేలాల సంగతి దగ్గరికి రావాల్సిందే.

ఆ ముప్పై ఒక్క తపేలాలు ఎలా పోగేశావో నాకు తెలుసు. మాచర్ల నుంచి నాదెండ్ల దాకా ఇళ్ళకి వెళ్ళి, పాతది తీసుకుని కొట్లోంచి కొత్తది ఇచ్చావు. ప్రతిదాని అంచు మీదా ఆ ఇంటాయన పేరుంది. వండేది ఆమె, తోమేది ఆమె, పేరు ఆయనది. నువ్వు ఆ ఆడవాళ్ళతో కాయితం మీద పేరు రాయించి, వాళ్ళ చేతిరాతని అచ్చం అలాగే తపేలా లోపల అడుగున కొట్టావు. చూడాలంటే తల వంచాలి. వచ్చినవాళ్ళందరూ, ఎంత పెద్దోళ్ళయినా, ఒకసారి వంగాలి అని నువ్వు చెప్పినప్పుడు నేను నవ్వాను. నాదెండ్ల ఆదిలక్ష్మమ్మ గారైతే మిషన్ తన చేతికే ఇమ్మని, సంతకం పెట్టినట్టు సొంతంగా కొట్టుకుంది. డెబ్బై ఏళ్ళ మనిషి, ఆ చిన్న పేరుకి అరగంట పట్టింది.

ఇప్పుడు వినవే. నువ్వు ఫోన్ చేసి, ప్యాక్ చేసి పంపండి అన్నావు. పార్సిల్ ఆఫీసులో, పెట్టెలు విజయవాడలో ఒక లారీ మారతాయి, దారిలో ఇంకో లారీ మారతాయి, సామాను మీద గుర్తు పెట్టుకోండి అన్నారు. పెట్టెల మీద రాసిన అడ్రసే సరిపోయేది. కానీ నేను గిన్నెల కొట్టువాణ్ణి. పేరు లేని గిన్నె పెళ్ళికి పోతే మళ్ళీ ఇంటికి రాదని పాతికేళ్ళుగా అందరికీ చెప్పి పేర్లు కొట్టిస్తున్నవాణ్ణి. పెట్టె పగిలి తపేలాలు ఎవరి గోడౌనులోనో పడితే ఎవరివని తిరిగొస్తాయి అని భయమేసింది. మిషన్ ఆన్ చేశా.

అంచు మీద చోటు లేదు, వాళ్ళాయన పేరుంది. అడుగు బయటి వైపు కొడితే లారీలో రాసుకుని చెరిగిపోద్ది. లోపలైతే భద్రం అనుకున్నా. ఆ ఆడవాళ్ళ పేర్లకి సరిగ్గా కింద, చుక్క చుక్కా సరిచూసుకుని, నా పేరు కొట్టాను. పి. త్రికోటేశ్వరరావు అని. పొట్టిగా కూడా కాదు, పూర్తిగా. నా చేతికి చక్కగా కుదిరిందని చెప్పిన పేరు అదే. ముప్పై ఒక్కటీ పూర్తిచేసి, ముప్పై తపేలాలు మూడు పెట్టెల్లో సర్ది సోమవారం పంపించేశా. ఆదిలక్ష్మమ్మ గారిది ఒక్కటే ఆపాను. పోయేముందు ఒకసారి చూసుకుంటానని ఆమె కబురు పెట్టింది, దాన్ని విడిగా పంపొచ్చులే అనుకున్నా.

బుధవారం నాదెండ్ల నుంచి ఆటోలో వచ్చింది. నేను కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, తపేలా చేతిలో పెట్టాను. వంగి చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఏంది అబ్బాయ్, నా పేరు కింద నీ పేరేంది? నన్నేమన్నా కట్టుకున్నావా?"

మెహ్జబీన్ కొట్లో బ్లౌజులు ఇవ్వడానికొచ్చినవాళ్ళు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు.

"బయట ఆయన పేరుంది, సరే, పెళ్ళినాడు మా నాయన కొట్టించాడు. లోపల నాదని నీ పెళ్ళాం అన్నది. నా చేత్తో నేను కొట్టుకున్నా. దీంట్లోకి కూడా మగోడే వచ్చె."

నేను లారీ సంగతి, పార్సిల్ సంగతి చెప్పబోయాను. ఆమె తపేలాని పైటచెంగులో చుట్టేసింది. "నీ పేరు పోయిందాకా ఇది ఊరు దాటదు. నీ పెళ్ళానికి చెప్పు, ఆదిలక్ష్మమ్మ ఇయ్యలేదని చెప్పు" అని ఆటో ఎక్కి పోయింది. ఇచ్చిన కొత్త తపేలా కూడా తిరిగి పంపిస్తానంది. వద్దని చెప్పాను.

ఇంతవరకూ అలవాటు మీద జరిగిన పొరపాటు అని చెప్పుకోవచ్చు. అలాగే రాసి ఊరుకుందామనుకున్నా. అమ్మతో కూడా అలాగే చెప్పాను. కానీ నీతో అబద్ధం ఆడితే ఈ ఉత్తరం ఎందుకు? రోహిణీ, ఏడో తపేలా కొడుతుండగా మెహ్జబీన్ నీళ్ళ సీసా తీసుకోవడానికొచ్చి చూసింది.

"అన్నా, సామాను వదినది కదా. వదిన పేరు కొట్టొచ్చుగా?"

"ఎవరిదైతే ఏందమ్మా, రెండూ ఒకటేగా" అన్నాను.

"ఒకటే అయితే ఆమెదే కొట్టు" అని నీళ్ళు తీసుకుని వెళ్ళిపోయింది.

మిషన్ చేతిలోనే ఉంది. ఇంకా ఇరవై నాలుగు మిగిలాయి. ఆపొచ్చు. ఆమె చెప్పింది నిజమని నాకు అప్పుడే తెలిసింది. కానీ ఏడింటి మీద నా పేరుండి మిగతావాటి మీద నీ పేరుంటే బాగోదని మనసుకి సర్దిచెప్పుకున్నా. అది కూడా పూర్తి నిజం కాదు. పెట్టె మీద బరోడా అని, ఆర్టిస్ట్ రోహిణి అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు ఉన్నాయి చూడు, అక్కడ జనం వంగి చూస్తారు చూడు, అందులో ఎక్కడో నేనూ ఉండాలనిపించింది. కొట్టు నాది, స్టీలు నాది, నువ్వు నా మనిషివి అని వాళ్ళకి తెలియాలనిపించింది. ఎనిమిదోది తీసుకున్నా.

బుధవారం ఆదిలక్ష్మమ్మ గారు వెళ్ళాక ఇంటికెళ్ళి వంటింట్లో గిన్నెలన్నీ కిందికి దింపాను. అమ్మ తిడుతూనే ఉంది. నాన్న పేరు ఉంది, నా పేరు ఉంది, హర్ష అన్నప్రాసన గిన్నె మీద వాడి పేరు ఉంది, ఎప్పుడో మార్పిడిలో మిగిలిపోయిన ఎవరో వెంకట్రామయ్య పేరు కూడా ఉంది. ఈ ఊళ్ళో సగం ఇళ్ళలో పేర్లు కొట్టింది నువ్వు. మనింట్లో నీ పేరు ఒక్క చెంచా మీదా లేదు. తిరుపతమ్మ అని అమ్మ పేరూ లేదు. నీకు పేరున్న గిన్నె కావాలా అమ్మా అని అడిగాను. "నాకెందుకురా పేరు, గిన్నెలు నాయి కావని ఎవరన్నా అన్నారా?" అంది. గిన్నెలన్నీ మళ్ళీ పైన సర్దేశాక, తను కాఫీ తాగే చిన్న గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది. "నువ్వు కొట్టబాక. కోడలొచ్చినాక కొట్టమను" అంది.

స్టీలు అరగదీసి మెరుగు పెట్టే బఫింగ్ వాణ్ణి అడిగాను. నా పేరు చెరిపితే పైనున్న ఆ ఆడవాళ్ళ పేర్లలో చుక్కలు కూడా పోతాయంట. అంత దగ్గరగా కొట్టాను. నీ పనికి నేను చేసిన నష్టం అది, దాన్ని సరిచేసే సామాను నా దగ్గర లేదు. వాటిని ఎగ్జిబిషన్లో పెట్టకుండా పక్కన పెడతావా, నా పేరు మీద నువ్వే ఏదన్నా చుక్కలు కప్పుతావా, ఉన్నది ఉన్నట్టే జనానికి చూపిస్తావా, నువ్వే తేల్చుకో. నాకు సలహా చెప్పే హక్కు లేదు. ఒక్కటి మాత్రం అడుగుతా. ముప్పై ఒకటో చోటు ఖాళీగా ఉంచు. ఎవరన్నా అడిగితే అది నాదెండ్లలో ఉందని, సొంతదారు ఇవ్వలేదని చెప్పు.

సీజన్ అయినా పన్నెండో తారీఖున కొట్టు మూసి రైలెక్కుతున్నా, టికెట్ ఇంకా వెయిటింగులో ఉంది. అమ్మని మెహ్జబీన్ చూసుకుంటానంది. నువ్వు రావద్దంటే ఒక్క మాట పెట్టు, ఆగిపోతా. వస్తే మాత్రం ఆ తపేలాల పక్కనే నిలబడతా. వంగి చూసిన వాళ్ళు ఈ త్రికోటేశ్వరరావు ఎవరు అని అడుగుతారు. నేనే, అడక్కుండా కొట్టాను అని చెప్తా. వాళ్ళకి తెలుగు రాకపోతే హిందీలో చెప్తా, నా హిందీ నీకు తెలుసుగా.

నీ పని నచ్చిందా అని అడిగావు. ఆ ముప్పై తపేలాల్లోకి నేను తల వంచి చూడలేదు రోహిణీ. నా పేరు సరిగ్గా పడిందా లేదా అని మాత్రమే చూశాను. ఆదిలక్ష్మమ్మ గారు వెళ్ళిపోయాకే, నువ్వు దాచిన కాయితాలు తీసి ఒక్కో పేరూ చదివాను. చిన్నారి, జరీనా, దేవిక, లక్ష్మి. ఒకావిడ తన పేరు కింద గీత గీసుకుంది. నువ్వు ఆ గీత కూడా కొట్టే ఉంటావు. ఇంతమంది ఉన్నారా అనిపించింది. నచ్చిందనే మాట దానికి సరిపోదు, ఇంకో మాట నాకు రాదు.

పేపరు ముక్క తీసేసిన చోట గోడ మీద తెల్లగా మచ్చ పడింది. అక్కడేం పెట్టాలో నువ్వొచ్చాక చెప్పు. అప్పటిదాకా నిన్ను అడక్కుండా మిషన్ని నీ వస్తువు దేని మీదా ఆనించను.

చలికి స్వెట్టర్ వేసుకో. ఇప్పుడు పెట్టెలు విప్పు.

ఇట్లు,
రోహిణి వాళ్ళాయన