ఎవరూ నొక్కని మీట

జూన్ 3, సోమవారం

ఎవరూ నొక్కని మీట మోగితే నువ్వేం చేస్తావు? నిన్నే అడుగుతున్నాను. చెవులు మూసుకుంటావా, మోకాళ్ళ మీద పడతావా?

నేను పడ్డాను. నిన్న ఆరాధనలో, సరిగ్గా నా ప్రసంగం మధ్యలో, ఆర్గాన్ ఒక్క స్వరం పట్టుకుంది. అది వాయించే మా వదిన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. అందరూ చూశారు. మీటల్లో ఒక్కటీ కిందికి దిగలేదు. అయినా వెనక గోడకి ఆనించిన గొట్టాల్లో ఒకటి సన్నగా, ఊపిరి తీసుకోకుండా పాడుతూనే ఉంది. వదిన లేచి, గొట్టాలకి గాలి కొట్టే బ్లోయర్ స్విచ్ కట్టేసింది. తిత్తిలో మిగిలిన గాలి అయిపోయేదాకా ఆ స్వరం దిగుతూ దిగుతూ, మంచం పట్టిన మనిషి నిట్టూర్పులా పోయింది.

ఆదివారం కాబట్టి పక్క స్థలంలో గొయ్యి తవ్వే మిషన్ కూడా ఆగి ఉంది. లేకపోతే దాని రొదలో ఎవరికీ వినపడేదే కాదు. దేవుడు నిశ్శబ్దం చేసి మరీ వినిపించాడు.

జూన్ 4, మంగళవారం

ఆర్గాన్ రిపేరు చేసే ఆయనకి ఫోన్ చేశాను. నవ్వాడు. అయ్యగారూ, దయ్యమూ కాదు దేవదూతా కాదు, మా లైన్లో దీన్ని సైఫర్ అంటారు అన్నాడు. మీట నుంచి గొట్టం దాకా నేల చెక్కల కింద సన్నటి పుల్ల ఒకటి పోతుందట. మీట నొక్కితే పుల్ల లాగుతుంది, గొట్టం కింద మూత తెరుచుకుంటుంది, గాలి దూరుతుంది. దుమ్ము ఇరుక్కున్నా, పుల్ల బిగుసుకున్నా మూత మూసుకోదు. పుల్ల చివర బిగించే మర ఉంటుంది, కొంచెం వదులు చేయమనండి, తీరిక చూసుకుని నేనూ వస్తాను అన్నాడు.

వదిన మర వదులు చేసింది. స్వరం ఆగింది. ఇంతోటి దానికి ఊరంతా మోకాళ్ళేశారు అని నవ్వింది. మా అన్న పోయిన దగ్గరనుంచి ఆర్గానూ, కూతురూ, ఈ వెటకారమూ తప్ప ఆవిడకి వేరే లోకం లేదు.

నాకు మాత్రం ఆ మాట వదల్లేదు. సైఫర్.

కూటాల్లో వాక్యం చెప్పినా, పొట్టకూటికి నేను బోర్డులు రాసేవాణ్ణే. బడికి పోయింది తక్కువ. ఇంగ్లీషు నేర్చుకున్నది షాపుల పేర్లు రాస్తూ రాస్తూ. పాత సామాన్ల కొట్లో కొన్న డిక్షనరీ తెరిచాను. ఒక్క మాట, నాలుగు ముఖాలు. సున్నా. లెక్కలోకి రాని మనిషి. పేరు మొదటి అక్షరాలు రెండు పెనవేసి రాసే గుర్తు (ఎన్ని గేట్ల మీద రాశానో, దానికీ పేరుందని తెలియదు). చివరిది, రహస్య లిపి.

పరిశుద్ధ లేఖనం పక్కనే ఉంది. దాని మీద చెయ్యి వేసుకుని చాలాసేపు కూర్చున్నాను.

జూన్ 6, గురువారం

మళ్ళీ మోగింది. ఈసారి రెండు స్వరాలు.

సాయంత్రం కూటంలో సున్నా మీద మాట్లాడాను. నీ పక్కన ఆయన నిలబడకపోతే నువ్వు సున్నా అని గర్జించాను. వెనక ఆ రెండు స్వరాలూ తంబురా పట్టినట్టు పట్టాయి. ఆపవద్దని నేనే వదినకి సైగ చేశాను. ఏడ్చినవాళ్ళు ఏడ్చారు. ఎన్నాళ్ళుగానో సగం కుర్చీలు ఖాళీగా ఉండే హాలు ఇది.

వదినకి నచ్చలేదు. అదే మర మళ్ళీ బిగుసుకుంది మరిదీ, నేను మొన్ననే వదులు చేశాను కదా అంది. ఆగమంటే ఆగే స్వరం కాదది అన్నాను. దేవుడికి తిన్నగా మాట్లాడటం రాదా, పొడుపుకథలు వేస్తాడా అంది.

జూన్ 8, శనివారం

బోర్డు రాస్తూ రాస్తూ గమనించాను. కూనిరాగం తీస్తున్నాను. అదే స్వరం. ఎదురుగా ఇస్త్రీ చేసే ఆయనా అదే తీస్తున్నాడు. ఆయన మా హాలుకి ఎప్పుడూ రాడు.

జూన్ 9, ఆదివారం

మూడు స్వరాలు. మెట్ల మీద కూడా జనం. ఇతర కూటాల వాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. లెక్కలోకి రాని మనిషి మీద ప్రసంగం, చివర్లో ఈ స్వరాలు రహస్య లిపి అన్నాను. నా గొంతు నాది కానట్టు అనిపించింది.

అయ్యాక కమిటీ పెద్దాయన నా భుజం తట్టాడు. తాళం చెవులు, మైకు, కుర్చీలు, అన్నీ ఆయన చేతిలోనే. ఏం తమ్ముడూ, ఇన్నాళ్ళూ ఈ సరుకంతా ఎక్కడ దాచావ్ అన్నాడు. వచ్చే ఆదివారం ఆ రహస్య లిపి విప్పి చెప్పు, నేను అందరికీ కబురు పెడతాను అన్నాడు. చెబుతానన్నాను.

వదిన పక్కనే ఉంది. ఈ వారంలోనే ఆ మర నాలుగుసార్లు తిప్పాను, ఇంక తిప్పడానికి మర మిగల్లేదు, లోపలి గది తలుపు కూడా పట్టేస్తోంది, ఎవరినైనా పిలిచి చూపించండి అంది. పెద్దాయన ఆవిడకేసి చూడను కూడా లేదు. నవ్వుతూ నాతోనే అన్నాడు: మీ వదినగారు వాయిస్తే చాలు, ప్రవచనం మనం చూసుకుందాం.

నేనూ నవ్వాను.

జూన్ 11, మంగళవారం

నాలుగు.

జూన్ 13, గురువారం

పని మానేసి కూర్చున్నాను. ఏ స్వరం ముందు, ఏది తర్వాత, ఏది ఎంతసేపు. అక్షరాలుగా మార్చాను, అంకెలుగా మార్చాను, తిరగేశాను. లేఖనం ఒళ్లో, డిక్షనరీ మోకాలి కింద. ఏమీ కుదరదు. కుదిరినట్టే ఉంటుంది, జారిపోతుంది.

వదిన కూతురు చిట్టి అన్నం తింటూ ఆ నాలుగు స్వరాలనీ వరసగా కూనిరాగం తీసింది. తర్వాత ఐదోది కూడా తీసింది. ఐదోది ఎక్కడ విన్నావే అన్నాను. ఏమో బాబాయ్, తర్వాత అదే కదా వచ్చేది అంది.

సాయంత్రం హాల్లో ఐదోది మోగింది. అదే.

జూన్ 15, శనివారం, మధ్యాహ్నం

ఇది నిదానంగా రాయాలి.

రేపటికి సిద్ధపడదామని హాలుకి వెళ్ళాను. వదిన నేల చెక్క ఒకటి ఎత్తి పెట్టి కింద చూస్తోంది. రా మరిదీ, నీ రహస్య లిపి చూడు అంది. పుల్లలన్నీ తీగల్లా బిగిసి ఉన్నాయి. వేలితో మీటితే జుమ్మంటున్నాయి. పుల్ల తరగదు కదా, మరి ఎందుకు చాలడం లేదు అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే తనే చెప్పింది. మీటలు ఇక్కడ, గొట్టాలు అక్కడ గోడకి. గోడ అవతలికి పోతోంది.

నేను నమ్మలేదు. వెనక గోడ మీద వాక్యం రాసింది నేను. దారానికి రంగు పూసి, నీటి బుడగ లెవెల్ పెట్టి, గీత కొట్టి రాశాను. నా గీత వంకర పోదు. పోయి లెవెల్ తెచ్చి నిచ్చెన ఎక్కి గీత మీద పెట్టాను.

బుడగ మధ్యలో నిలవలేదు. ఒక చివరికి పరిగెత్తింది.

కుడి చివర కిందికి దిగిపోయింది. పక్క స్థలంలో గొయ్యి ఉన్నది అటే. వాక్యంలో ఆఖరి మాట "రండి". వెంట్రుకంత పగులు ఒకటి పైనుంచి వచ్చి ఆ మాటలోని సున్నాని రెండు చేసి కిందికి పోయింది. గొట్టాల వెనక అది నా వేలు దూరేంత ఉంది. వేలు పెట్టాను. అవతలి నుంచి గాలి తగిలింది.

రెండు వారాలు ఆ గోడకి వీపు పెట్టి కేకలు వేశాను. ఇన్ని కళ్ళు నన్ను చూస్తున్నాయి, నేను మాత్రం వెనక్కి తిరగలేదు.

జూన్ 15, సాయంత్రం

గొయ్యి తవ్వించే సూపర్‌వైజర్ మా గొయ్యికీ మీ గోడకీ సంబంధం లేదన్నాడు. టౌన్ ఆఫీసు సోమవారం దాకా మూసి ఉంటుంది. రిపేరు ఆయన ఫోన్ ఎత్తలేదు.

పెద్దాయన ఇంటికి వెళ్ళాను. రేపు హాలు తెరవకండి అన్నాను. ఆయన టీ తాగుతూ విన్నాడు. ఎవరెవరు వస్తున్నారో తెలుసా, కుర్చీలు కూడా తెప్పించాను అన్నాడు. గోడ అన్నాను. నువ్వు పెయింటరువా ఇంజనీరువా అన్నాడు. పోయిన వారం దేవుడి స్వరమన్నావు, ఈ వారం పగులంటున్నావు, ఏదో ఒకటి తేల్చుకో తమ్ముడూ, పదిగంటలకి మైకు దగ్గర ఉండు. తలుపు వేసుకున్నాడు.

కోపంతో ఊగిపోయాను. ఎవరి మీద? ఆయన అన్నదాంట్లో అబద్ధం ఏముంది?

జూన్ 16, ఆదివారం, ఉదయం

హాలు బయటి మెట్ల మీద ఎర్ర రంగుతో రాశాను. అడుగెత్తు అక్షరాలు: రావద్దు.

పెద్దాయన తలుపులు తెరిచాడు. వదిన బ్లోయర్ స్విచ్ వేసింది. ఒక్క స్వరం కూడా లేదు. మీట నొక్కింది, అదీ పలకలేదు. మరొకటి నొక్కింది, పలకలేదు. పెద్దాయన చేతులు జోడించాడు. చూశావా, శాంతి దిగింది, ఇంక భయం లేదు అన్నాడు. వదిన వంగి నేల చెక్క ఎత్తి చూసింది. పుల్లలు తెగిపోయాయి మరిదీ అంది, నాకు ఒక్కడికే వినపడేలా.

జనం వచ్చేస్తున్నారు. అక్షరాలు చదివి నవ్వుకుంటున్నారు. ఇదీ అయ్యగారి పొడుపుకథే, లోపల విప్పుతాడు అంటున్నారు. రంగు ఇంకా ఆరలేదు. తొక్కుతూ ఎక్కుతున్నారు. మెట్ల మీద, గుమ్మం మీద, హాల్లో ఎర్ర అడుగులు. అన్నీ లోపలికే. బయటికి వచ్చిన అడుగు ఒక్కటీ లేదు.

చిట్టి తోటి పిల్లలతో వేదిక మీద, గొట్టాల పక్కన, పాడే వరసలో నిలబడింది. పిలిస్తే చెయ్యి ఊపింది. వదిన దాన్ని దించడానికి పైకి వెళ్ళింది.

మైకు దగ్గరికి పిలుస్తున్నారు. గోడ మాట చెబితే ఒక్కరూ లేవరు. లిపి విప్పుతానంటే అందరూ వింటారు. ఈ పేజీ చూసి చదువుతాను. ప్రసంగం మొత్తం ఇదే.

జూన్ 16, పది గంటలు

మీరు అర్థం అడిగారు. విప్పాను. ఒక్కటే మాట ఉంది.

లేవండి. పిల్లల్ని ఎత్తుకోండి. పాడకండి, ప్రార్థించకండి, వెనక్కి చూడకండి. వచ్చిన అడుగుల మీదే తిరిగి నడవండి. ఈరోజే. ఇప్పుడే. బయటికి.